గొట్టింగెన్ నుంచి బి.ఎస్‌సి. రెండో ఏటికి

ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా మొదటిసారి ఎప్పుడు చదవాలన్న ప్రశ్నకి గట్టిగా నూరేళ్ళ వయసు లేదు. గ్రూపులు, రింగులు, ఫీల్డులు డిగ్రీ సిలబస్‌లోకి దిగింది మా అమ్మానాన్నల తరంలోనే. అంతకుముందు అది పరిశోధకుల మధ్య నడిచే విద్య. నేర్చుకోవాలంటే ఫలానా ఊరు వెళ్ళి, ఫలానా మనిషి ముందు కూర్చోవాలి. ఇవాళ విజయనగరంలోనో సిద్దిపేటలోనో పంతొమ్మిదేళ్ళ అమ్మాయి మధ్యాహ్నం పీరియడ్‌లో నార్మల్ సబ్‌గ్రూప్ నిర్వచనం రాసుకుంటోందంటే, ఆ నిర్వచనం చాలా దూరం నడిచి వచ్చింది. కోస్తా జిల్లాల ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో నా ఉద్యోగమంతా ఆ పాఠం చెప్పడంలోనే గడిచింది. ఆ నడకలో మనదాకా చేరిందేమిటో, దారిలో జారిపోయిందేమిటో చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

మొదట లగ్రాంజ్ సంగతి. మన దగ్గర గణితంతో బి.ఎస్‌సి. చేసినవాళ్ళని నిద్రలేపి అడిగినా లగ్రాంజ్ సిద్ధాంతం అప్పజెబుతారు: పరిమిత గ్రూపులో సబ్‌గ్రూప్ ఆర్డరు, అంటే అందులోని మూలకాల సంఖ్య, గ్రూపు ఆర్డరుని శేషం లేకుండా భాగిస్తుంది. పరీక్షలో తప్పకుండా వస్తుందని అందరూ నమ్ముకునే ఎస్సే క్వశ్చన్ అది. అయితే ఆ లగ్రాంజ్‌కి గ్రూపు అంటే ఏమిటో తెలియదు. ఆయన 1813లో పోయేనాటికి, ఆ మాటని మనం వాడే అర్థానికి దగ్గరగా మొదట వాడిన ఎవరిస్త్ గాల్వా ఏడాదిన్నర పసివాడు.

లగ్రాంజ్‌ని పట్టుకున్నది వేరే ప్రశ్న. రెండు, మూడు, నాలుగు డిగ్రీల సమీకరణాలకి మూలాలు తీసే సూత్రాలున్నాయి. ఐదో డిగ్రీకి ఎంత వెతికినా దొరకడం లేదు. పాత సూత్రాలు అసలెందుకు పనిచేశాయో ముందు తేల్చుకుందామని, 1770–71లో బెర్లిన్‌లో ఉండగా ఆయన పూనుకున్నాడు. నాలుగో డిగ్రీ సమీకరణం తీసుకోండి. దాని మూలాలు క, ఖ, గ, ఘ అనుకుందాం. కఖ + గఘ అని రాయండి. ఇప్పుడు మూలాలని ఒకదాని చోట ఒకటి పెడుతూ తారుమారు చేయండి. నాలుగింటిని 24 రకాలుగా మార్చొచ్చు. కానీ ఈ 24 మార్పుల్లోనూ మనకి వచ్చే విలువలు మూడే: కఖ + గఘ, కగ + ఖఘ, కఘ + ఖగ. విలువలు మూడే కనక వాటిని మూలాలుగా పెట్టి మూడో డిగ్రీ సమీకరణం కట్టొచ్చు. అది మనకి సాధించడం వచ్చు. నాలుగో డిగ్రీ సూత్రం పనిచేసిన రహస్యం ఇదీ. ఇంకో విషయం చూడండి. కఖ + గఘని కదపకుండా ఉంచే మార్పులు సరిగ్గా 8. ఎనిమిదిని మూడుతో గుణిస్తే 24. విలువల సంఖ్య మొత్తం మార్పుల సంఖ్యని ఎప్పుడూ భాగిస్తుందని లగ్రాంజ్ గమనించాడు. మన ఎస్సే క్వశ్చన్‌కి పుట్టిల్లు ఇదే.

ఇది బోర్డు మీద వేసి చూపిస్తే పిల్లల కళ్ళలో వెలుగు వచ్చేది. ఎందుకంటే ఈ సరుకు వాళ్ళకి కొత్త కాదు. మన ఇంటర్మీడియెట్ రెండో ఏడు గణితంలో థియరీ ఆఫ్ ఈక్వేషన్స్ ఉంది, మూలాలకీ గుణకాలకీ మధ్య సంబంధాలున్నాయి. డిమోవర్ సిద్ధాంతం ఉంది, దాని వెంట ఒకటికి ఎన్-వ మూలాలున్నాయి. మొదటి ఏట మాత్రికలున్నాయి. లగ్రాంజ్ ముందున్న ముడిసరుకులో చాలా భాగం మన పదిహేడేళ్ళ పిల్లల నోట్‌బుక్‌లోనే ఉంది. నాలుగు ఆప్షన్లలో సరైనదానికి టిక్కు పెట్టే తొందరలో దాన్ని పరీక్ష అయిన మర్నాడే మరిచిపోతున్నారు.

గాల్వా కథ అందరికీ తెలిసిందే. 1832 మే 30న ద్వంద్వయుద్ధంలో తూటా తగిలి, మర్నాడు పోయాడు. వయసు ఇరవై. ఆయన కాగితాలు 1846లో గాని లియువిల్ పత్రికలో అచ్చు కాలేదు. మన ప్రశ్నకి అవసరమైనది ఒక్కటే. గ్రూపు ఊహ ఆయనకి శూన్యంలోంచి రాలేదు. లగ్రాంజ్‌ని స్కూల్లో ఉండగానే చదివాడు. సమీకరణాలతో చేతులు నిండాకే ఆ చూపు కలిగింది.

విశ్వవిద్యాలయంలో గాల్వా సిద్ధాంతాన్ని పాఠంగా చెప్పిన మొదటివాడని రిచర్డ్ డెడెకిండ్‌కి పేరు. అది 1856–58 ప్రాంతం, జర్మనీలోని గొట్టింగెన్. గౌస్ దగ్గర చివరగా డాక్టరేట్ చేసిన శిష్యుడాయన. వినడానికి వచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. తర్వాత హైన్రిఖ్ వేబర్ 1895–96లో పెద్ద బీజగణిత గ్రంథం రాసి గ్రూపుకీ ఫీల్డుకీ చోటిచ్చాడు. ఈ వేబర్ పేరు గుర్తుపెట్టుకోండి, కలకత్తాలో మళ్ళీ తగులుతుంది.

ఇక ఎమ్మీ నోఎథర్. ఆబ్‌స్ట్రాక్ట్ అన్న మాటకి నిండు అర్థం తెచ్చిన మనిషి. ఆమె మొదట చేసిన పని ఏమిటో తెలిస్తే చాలామంది నమ్మరు. 1907లో ఎర్లాంగెన్‌లో పాల్ గోర్డాన్ దగ్గర డాక్టరేట్ తీసుకుంది. ఆ సిద్ధాంత గ్రంథంలో ఒక రకం నాలుగో డిగ్రీ రూపాలకి చెందిన 331 కోవేరియంట్లని పేరుపేరునా లెక్కగట్టి జాబితా ఇచ్చింది. పేజీల కొద్దీ లెక్కలు. ఆ పనిని తర్వాత ఆమే చిన్నచూపు చూసింది. నాకు మాత్రం అదే ఆమె బలం అనిపిస్తుంది. దేన్ని వదిలేయొచ్చో తెలియాలంటే ముందు అన్నీ మోసి ఉండాలి. 1915లో హిల్బర్ట్, క్లైన్ ఆమెని గొట్టింగెన్ పిలిచారు. ఆడమనిషికి అధికారికంగా పాఠం చెప్పే హక్కు ఇవ్వం అన్నారు కొందరు ఆచార్యులు. నాలుగేళ్ళు హిల్బర్ట్ పేరు మీద ప్రకటించిన క్లాసుల్లో పాఠాలు చెప్పింది. 1919లో హక్కు వచ్చింది. 1921లో రింగుల్లో ఐడియల్స్ మీద ఆమె రాసిన వ్యాసంతో ఆల్జీబ్రా రూపమే మారిపోయింది.

1924లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఇరవై ఒక్కేళ్ళ వాన్ డెర్ వార్డెన్ గొట్టింగెన్ వచ్చాడు. నోఎథర్ పాఠాలు విన్నాడు. తర్వాత హాంబుర్గ్ వెళ్ళి ఎమిల్ ఆర్టిన్ పాఠాలు విన్నాడు. ఇద్దరూ కలిసి పుస్తకం రాయాలని అనుకున్నారు. ఇతను రాసిన అధ్యాయాలు చూసి ఆర్టిన్, నువ్వొక్కడివే రాసెయ్యి అని తప్పుకున్నాడు. అలా 1930లో మొదటి సంపుటం, 1931లో రెండో సంపుటం వచ్చాయి. పేరు ‘మోడెర్నె అల్గెబ్రా’. ఆర్టిన్, నోఎథర్ పాఠాల ఆధారంతో అని ముఖపత్రం మీదే రాసుకున్నాడు. అంతకు ముందు విడివిడి వ్యాసాల్లో, క్లాసు నోట్సుల్లో చెల్లాచెదరుగా ఉన్నదంతా ఒక వరసలోకి వచ్చింది. గొట్టింగెన్ వెళ్ళలేనివాడికి కూడా ఆ విద్య అందింది.

సరిగ్గా ఆ సమయానికే గొట్టింగెన్‌ని ఖాళీ చేశారు. 1933 ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వం యూదు ఆచార్యులని ఉద్యోగాల్లోంచి తీసేసింది. నోఎథర్ అమెరికాలోని బ్రిన్ మార్ మహిళా కళాశాలకి వెళ్ళింది. 1935 ఏప్రిల్ 14న ఆపరేషన్ తర్వాత పోయింది. యాభై మూడేళ్ళు. ఆమె తోటివాళ్ళు దొరికిన దేశానికి దొరికినట్టు వెళ్ళిపోయారు.

అలా జర్మనీలో ఉద్యోగం పోయినవాళ్ళలో ఒకరు మన దేశానికి వచ్చారు. ఆ అధ్యాయం మన పిల్లలకి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఫ్రీడ్రిఖ్ విల్హెల్మ్ లెవీ 1888లో పుట్టాడు. ఇందాక చెప్పిన వేబర్ దగ్గర స్ట్రాస్‌బుర్గ్‌లో 1911లో డాక్టరేట్ చేశాడు. లైప్‌జిగ్‌లో పాఠాలు చెబుతుండగా నాజీలు ఉద్యోగం తీసేశారు. కలకత్తా విశ్వవిద్యాలయం ఆయన్ని హార్డింజ్ ప్రొఫెసర్‌గా పిలిచింది. 1935లో వచ్చి 1948 దాకా అక్కడే ఉన్నాడు. మన దేశంలో ఆధునిక ఆల్జీబ్రాకి కుదురుగా పాఠం పెట్టిన తొలివాళ్ళలో ఆయన్ని చెప్పుకోవాలి. ఆయన పాఠాలు విన్నవాళ్ళలో రాజ్ చంద్ర బోస్ ఒకరు. అప్పటికి బోస్ కుర్ర విద్యార్థి కాదు. ముప్ఫై దాటినవాడు, రేఖాగణితం చేసినవాడు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ పిలుపు మీద అక్కడ చేరి, పంట పొలాల మీద ప్రయోగాలు ఎలా పేర్చాలన్న సమస్యతో కుస్తీ పడుతున్నాడు.

ఆ సమస్య మన రైతు బిడ్డలకి వెంటనే అర్థమవుతుంది. ఐదు రకాల వరి, ఐదు రకాల ఎరువు ఉన్నాయి. పొలాన్ని అడ్డం ఐదు, నిలువు ఐదు చేసి 25 మళ్ళుగా కట్టారు. ఒక పక్క నేల సారం ఎక్కువ ఉండొచ్చు, ఇంకో పక్క నీరు నిలవొచ్చు. అందుకని ప్రతి అడ్డ వరసలో ప్రతి వరి రకం ఒక్కసారే రావాలి, ప్రతి నిలువు వరసలోనూ ఒక్కసారే రావాలి. ఎరువుకీ అదే నియమం. పైగా ప్రతి వరి రకం ప్రతి ఎరువుతోనూ సరిగ్గా ఒక మడిలో కలవాలి. ఎలా పేరుస్తారు?

అడ్డ వరసలకి 0 నుంచి 4 దాకా అంకెలు వేయండి, నిలువు వరసలకీ అలాగే. ఏ మడిలో ఏ వరి అంటే, అడ్డ వరస అంకెకి నిలువు వరస అంకె కూడి ఐదుతో భాగించండి, వచ్చిన శేషమే వరి రకం. ఎరువుకి, అడ్డ వరస అంకెని రెట్టింపు చేసి నిలువు వరస అంకె కూడి ఐదుతో భాగిస్తే వచ్చే శేషం. కాగితం మీద వేసి చూడండి, అన్ని నియమాలూ కుదురుతాయి. ఇప్పుడు ఐదు బదులు నాలుగుతో చేయండి. కుదరదు. రెట్టింపు చేసేసరికి 0వ వరస, 2వ వరస ఒకేలా వస్తాయి, ఎందుకంటే రెండు రెళ్ళు నాలుగు, నాలుగుని నాలుగుతో భాగిస్తే శేషం సున్నా. సున్నా కాని రెండు అంకెల్ని గుణిస్తే సున్నా రావడమే చిక్కు. ఆ చిక్కు లేని నాలుగు అంకెల లెక్క వేరే ఉంది. దాన్ని గాల్వా 1830లోనే ఇచ్చాడు. దాన్నే మనం ఫైనైట్ ఫీల్డు అంటున్నాం. 1937–38 చలికాలంలో ఇంగ్లండ్ నుంచి స్టాటిస్టిక్స్ పండితుడు ఫిషర్ వచ్చాడు. ఇలాంటి మళ్ళ చతురస్రాల ప్రశ్న అప్పుడు కలకత్తాలో వేడి మీద ఉంది. 1938లో బోస్ గాల్వా ఫీల్డులతో ఈ చతురస్రాలు కట్టే పద్ధతిని ‘సంఖ్య’ పత్రికలో అచ్చు వేశాడు.

దాని కొనసాగింపు 1959లో వచ్చింది. ఇలాంటి జంట చతురస్రం ఆరుకి రాదని ఆయిలర్ 1782లో అన్నాడు. ఆ మాట నిజమని 1900లో తారీ తేల్చాడు. పదికి, పద్నాలుగుకి, అలా నాలుగేసి పెంచుకుంటూ పోతే వచ్చే ఏ సంఖ్యకీ రాదని ఆయిలర్ ఊహ. బోస్, శ్రీఖండే, పార్కర్ కలిసి పది మొదలుకొని ఆ సంఖ్యలన్నింటికీ వస్తుందని చూపించారు. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది.

ఇక్కడే మన తెలుగువాడు ఒకరు కలుస్తారు. హూవినహడగళిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకుని, 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. ముగించిన సి.ఆర్.రావు. యుద్ధకాలపు ఉద్యోగం ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళి, స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి విని, 1941లో అక్కడ చేరారు. బోస్ దగ్గర ఈ ఫైనైట్ ఫీల్డులూ జామెట్రీలూ చేతికి వచ్చాయి. 1945లో ఫైనైట్ జామెట్రీల మీద వ్యాసం రాశారు. ఆయన కట్టిన ఆర్తోగనల్ ఎర్రేలు తర్వాత ఫ్యాక్టరీల్లో నాణ్యత పరీక్షలకి ప్రపంచమంతా వాడుకుంది.

బోస్, రావు ఇద్దరి దగ్గరా నాకు కనిపించేది ఒకటే. ఆల్జీబ్రా వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ ముందు ఒక సమస్య ఆకలిగా కూర్చుని ఉంది. లెవీ పెట్టింది ఆ ఆకలికి అన్నం.

అమెరికాలో దారి ఇంకోలా నడిచింది. హార్వర్డ్‌లో గారెట్ బర్కాఫ్, సాండర్స్ మక్‌లేన్ అనే ఇద్దరు కుర్ర ఆచార్యులు డిగ్రీ పిల్లలకే ఈ పాఠం చెప్పడం మొదలుపెట్టారు. మక్‌లేన్ గొట్టింగెన్‌లో డాక్టరేట్ చేసి వచ్చినవాడు, ఆ వెలుగు ఆరిపోకముందు చూసినవాడు. 1941లో వాళ్ళ ‘ఎ సర్వే ఆఫ్ మోడర్న్ ఆల్జీబ్రా’ వచ్చింది. పరిశోధకుల విద్య డిగ్రీ క్లాసులోకి దిగిన మెట్టు అది. ఆ పుస్తకం విషయసూచిక తీసి చూస్తే నాకు చాలా గౌరవం కలుగుతుంది. మొదటి అధ్యాయం పూర్ణసంఖ్యలు. తర్వాత భిన్నాలు, ఫీల్డులు. తర్వాత బహుపదులు. తర్వాత రియల్ సంఖ్యలు, కాంప్లెక్స్ సంఖ్యలు. గ్రూపులు ఆరో అధ్యాయంలో గాని రావు. పిల్లవాడి చేతిలో తెలిసిన సరుకు పెట్టి, దాంతో మెల్లగా పైకి తీసుకెళ్ళారు. పదిహేనేళ్ళ కిందటి దాకా ఆచార్యులకే కొత్తగా ఉన్నదాన్ని ఇరవై ఏళ్ళ పిల్లలకి చెప్పాలంటే ఎంత జాగ్రత్త కావాలో వాళ్ళకి తెలుసు.

ఆ తర్వాతి మలుపు హెర్‌స్టైన్. పోలండ్‌లో పుట్టి కెనడాలో పెరిగినవాడు. 1959–60లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఒక కోర్సు చెప్పాడు. ఆ క్లాసులో ఎక్కువమంది ఆ విశ్వవిద్యాలయంలో గణితంలో మెరికల్లాంటి పిల్లలు. మామూలుగా చెప్పేదానికన్నా కొంచెం ముందుకెళ్ళి చెబితే ఎలా ఉంటుందో చూడాలని ఆయన ప్రయోగం. ఆ మాట ఆయనే ముందుమాటలో రాసుకున్నాడు. ఆ కోర్సే 1964లో ‘టాపిక్స్ ఇన్ ఆల్జీబ్రా’ అయింది. అందులో రెండో అధ్యాయానికే గ్రూపులు వచ్చేస్తాయి, తర్వాత రింగులు, ఆ తర్వాత వెక్టర్ స్పేసులు. మాత్రికల అసలు సంగతులు ఆరో అధ్యాయంలో. అద్భుతమైన పుస్తకం. అందులోని లెక్కలు చేసినవాళ్ళు జీవితాంతం మరిచిపోరు. చౌక భారతీయ ముద్రణ వచ్చాక మన ఎం.ఎస్‌సి. క్లాసులన్నింటికీ అదే ఆల్జీబ్రా అయింది. వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, నేను చదువుకున్నదీ ఆ పుస్తకమే.

వాల్తేరుకి ఆల్జీబ్రాలో సొంత పేరు కూడా ఉంది. ఎన్.వి. సుబ్రహ్మణ్యం గారు 1964లో బూలియన్ వెక్టర్ స్పేసుల మీద రాసిన వ్యాసం జర్మన్ పత్రిక ‘మథమాటిషె జైట్‌ష్రిఫ్ట్’లో వచ్చింది. 1981లో యు.ఎం. స్వామి, జి.సి. రావు ఆల్మోస్ట్ డిస్ట్రిబ్యూటివ్ లాటిస్‌ల మీద వేసిన వ్యాసం ఆధారంగా ఇప్పటికీ పరిశోధనలు జరుగుతున్నాయి. పై మెట్టున ఉన్నవాళ్ళు ప్రపంచంతో సమంగానే నడిచారు. నా బాధ కింది మెట్టు గురించి.

ఎం.ఎస్‌సి.లో ఉన్న గ్రూపులు, రింగులు బి.ఎస్‌సి.కి దిగాయి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి డిగ్రీ పుస్తకాలు తెలుగులో తేవడంతో, సమూహాలు, వలయాలు, క్షేత్రాలు అంటూ తెలుగు మీడియం పిల్లలకీ ఈ పాఠం అందింది. అకాడమీ చేసిన ఆ మేలుని నేను ఎన్నటికీ తక్కువ చేయను. పల్లెటూరి పిల్లలు హోమోమార్ఫిజం ప్రూఫ్‌ని సొంత భాషలో రాయగలిగారు. కానీ కోర్సు ఏ ఏట పెట్టాలి, దేని తర్వాత పెట్టాలి అన్నది ఎవరూ మళ్ళీ తరిచి చూసినట్టు కనిపించదు. ఉమ్మడి రాష్ట్రంలో వార్షిక పద్ధతి చివరి రోజుల్లో పేపర్ల వరస చూడండి. మొదటి ఏడు డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, సాలిడ్ జామెట్రీ. రెండో ఏడు ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ ఎనాలిసిస్. మూడో ఏడు లీనియర్ ఆల్జీబ్రా, వెక్టర్ కాలిక్యులస్. ఆంధ్రలో సెమిస్టర్లు వచ్చాక కూడా మూడో సెమిస్టర్‌లో గ్రూపులు, ఆ తర్వాతే లీనియర్ ఆల్జీబ్రా. అంటే గ్రూపు ముందు, వెక్టర్ స్పేసు తర్వాత. ఈ వరసలో నాకు హెర్‌స్టైన్ అధ్యాయాల నీడ కనిపిస్తుంది. కార్నెల్‌లో ఏరిన పిల్లలకి ప్రయోగంగా పెట్టిన వరస, మన జిల్లా కాలేజీల్లో అందరికీ నియమమైంది. ఆ పుస్తకానికి ప్రాణమైన లెక్కలు మాత్రం దారిలోనే ఉండిపోయాయి. మనకి చేరినవి నిర్వచనాలు, సిద్ధాంతాలు, వాటి నిరూపణలు.

దాని ఫలితం క్లాసులో రోజూ చూశాను. లగ్రాంజ్ సిద్ధాంతం ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసిన అమ్మాయిని, మూడు వస్తువుల ప్రస్తారాల గ్రూపులో ఆర్డరు రెండు ఉన్న సబ్‌గ్రూప్ ఒకటి చూపించమ్మా అంటే బిత్తరపోయింది. చేతికి రంగురంగుల గాజులున్నాయి. మూడు తీసి బల్ల మీద పెట్టించాను, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. మొదటి రెండూ చోటు మార్చు, తర్వాత ముందున్నదాన్ని వెనక్కి పెట్టు అన్నాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వచ్చాయి. మళ్ళీ మొదటికి తెచ్చి, ఈసారి ముందున్నదాన్ని వెనక్కి పెట్టి, తర్వాత మొదటి రెండూ మార్చమన్నాను. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు.

“మేడమ్, వరస మారితే జవాబు మారిపోతోందండీ!” అంది.

“మొదటి రెండూ మార్చి, మళ్ళీ మారిస్తే?”

“మొదటికే వస్తాయండి... ఓ, అదేనా మేడమ్ ఆర్డరు రెండంటే?”

ఆ పిల్లకి తెలివి తక్కువై కాదు. తెలుగు మాట్లాడడం రానివాడి చేతిలో బాలవ్యాకరణం పెట్టి సంధి పరిచ్ఛేదం అప్పజెప్పమన్నాం మనం. లగ్రాంజ్‌కి సమీకరణాలున్నాయి, నోఎథర్‌కి 331 కోవేరియంట్లున్నాయి, బోస్‌కి వరి మళ్ళున్నాయి. ఈ పిల్లకి రెండో ఏడు మొదలయ్యేనాటికి చేతిలో ఉన్నది ఇంటర్‌లో చదివి మరిచిపోయిన మాత్రికలూ, డిమోవర్ సిద్ధాంతమూ. అవన్నా గుర్తుచేసి మొదలుపెట్టమని ఏ సిలబస్సూ చెప్పదు. నేను మొదటి పీరియడ్లన్నీ వాటికే కేటాయించేదాన్ని. సిలబస్ వెనకబడుతుందని పై నుంచి మందలింపులు వచ్చేవి. అయినా మానలేదు.

లోకం ఈ వరసని సరిదిద్దుకోకుండా లేదు. ఎమిల్ ఆర్టిన్ 1937లో కుటుంబంతో జర్మనీ వదిలి అమెరికా వెళ్ళాడు. అప్పటికి మూడేళ్ళవాడైన కొడుకు మైకేల్ ఆర్టిన్ తర్వాత ఎం.ఐ.టి.లో ఆచార్యుడై, అక్కడ ఏళ్ళ తరబడి చెప్పిన ఆల్జీబ్రా పాఠాన్ని 1991లో పుస్తకం చేశాడు. మొదటి అధ్యాయం మాత్రికల గుణకారం, ఇన్వర్స్, డిటర్మినెంట్లు. రెండో అధ్యాయంలో గ్రూపు వచ్చేసరికి చేతిలో నిజమైన గ్రూపు ఉంటుంది, ఇన్వర్స్ ఉన్న మాత్రికలది. తండ్రి పాఠాల్లోంచి 1930 పుస్తకం పుట్టింది. కొడుకు ఆ పాఠాన్ని కొత్తగా మొదలుపెట్టేవాడికి నేల మీదనుంచి ఎక్కేలా చేశాడు. నాకు ఆ ఇంటి మీద ప్రత్యేకమైన అభిమానం.

మా చెల్లెలి మనవడు అమెరికాలో డిగ్రీ చదువుతున్నాడు. అక్కడ ఏ కోర్సు ఎప్పుడు తీసుకోవాలో పిల్లలే నిర్ణయించుకుంటారు. “అమ్మమ్మా, ఈ ఫాల్‌లోనే ఆల్జీబ్రా పెట్టేసుకోనా? లీనియర్ ఆల్జీబ్రా స్ప్రింగ్‌లో చేద్దామనుకుంటున్నా” అని ఫోన్ చేశాడు. “వద్దురా కన్నా, అది ముందు చెయ్యి” అన్నాను. ఎందుకని అడిగాడు. కర్నెల్ అంటే ఏమిటో మాత్రికలతో వందసార్లు చేసి ఉంటే, హోమోమార్ఫిజం కర్నెల్ వచ్చినప్పుడు కొత్త మనిషిలా అనిపించదన్నాను. ఒకటికి ఆరో మూలాలు గీయమన్నాను. అవి ఒకదాన్నొకటి ఎలా గుణించుకుంటాయో పట్టిక వెయ్యమన్నాను. పూర్ణసంఖ్యల్లో భాగహారం, గ.సా.భా. తీసే యూక్లిడ్ పద్ధతి ఎందుకు ఆగుతుందో రాయమన్నాను. “ఇవి వస్తే ఏ సెమిస్టరైనా ఫరవాలేదు. ఇవి రాకపోతే సీనియర్ ఇయర్ అయినా తొందరే” అని చెప్పాను.

అతనికి ఎంచుకునే వీలుంది. మన పిల్లలకి లేదు. వాళ్ళ తరఫున ఎంచేవాళ్ళు బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో కూర్చునే అధ్యాపకులు. నా పాత సహోద్యోగులు, నా విద్యార్థులు కూడా కొందరు ఇవాళ ఆ కుర్చీల్లో ఉన్నారు. వాళ్ళకి నాదొక విన్నపం. వచ్చేసారి సిలబస్ మార్చేటప్పుడు యూనిట్లు కలపడం, తీసేయడం, పేర్లు మార్చడంతోనే ఆగకండి. లీనియర్ ఆల్జీబ్రాని గ్రూపుల కన్నా ముందు సెమిస్టర్‌కి తెండి. గ్రూపుల పేపర్లో మొదటి యూనిట్‌గా పూర్ణసంఖ్యలు, ఒకటికి మూలాలు, ప్రస్తారాలు పెట్టండి. ప్రశ్నపత్రంలో లగ్రాంజ్ సిద్ధాంతం నిరూపణ అడిగినచోట, నాలుగు మూలాల కఖ + గఘ ఎన్ని విలువలు తీసుకుంటుందో, ఎందుకో అడగండి. దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు, కొత్త పోస్టు అక్కర్లేదు, ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి అక్కర్లేదు.